వెనీలా పొడీ, సుగంధిపాల షర్బత్తూ

పెద్దారవీడు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. మార్కాపురానికి దగ్గర్లో, నల్లమల అడవి అంచున వుండే వూరది. ఉత్తరం పెద్దదే. అందరికీ పనికివచ్చే భాగం ఇక్కడ ఇస్తున్నాను.

"డాక్టరుగారూ, మా ఆడబిడ్డ అమెరికా నుంచి వస్తూ చిన్న గాజు సీసాలో నల్లటి పొడి తెచ్చింది. వెనీలా పొడి అట. ఎసెన్సు కాదు, కాయనే ఎండబెట్టి పొడి కొట్టినదట. వచ్చే నెల మా పాపకు ఏడాది నిండుతుంది. ఆ రోజు ఇంట్లోనే కేకు చేసి, ఈ పొడి వేద్దామని నా ఆశ. మా అత్తమ్మకు పదేళ్ళుగా షుగరు వుంది. ఆమె సీసా మూత తీసి వాసన చూసి, 'ఇదేం వింత! ఇది మన సుగంధిపాల వేరే గదా, వాళ్ళు ఇంకో పేరు పెట్టుకున్నారు' అన్నది. సుగంధిపాల షుగరుకు మంచిదని ఎండలు మొదలైన దగ్గర్నుంచీ రోజూ రెండు గ్లాసుల షర్బత్తు తాగుతున్నది. అది తాగుతున్నాను గదా అని మధ్యాహ్నం మాత్ర మానేసింది. ఈ పొడి వేసిన కేకు ఆమె తినవచ్చా? పాపకు పెట్టవచ్చా? మా తోడికోడలికి నాలుగో నెల, ఆమె తినవచ్చా? అన్నట్టు మరిచాను, అత్తమ్మ కాలి బొటనవేలి కింద బొబ్బ లేచి పది రోజులైంది. నొప్పి లేదు కాబట్టి మేమెవ్వరం పట్టించుకోలేదు."

ఉత్తరం మొత్తం వెనీలా గురించి. నన్ను కలవరపెట్టింది మాత్రం ఆ చివరి రెండు వాక్యాలు. అందుకని ఈ శీర్షిక అచ్చయ్యేదాకా ఆగకుండా, ఆ సోదరికి అదే రోజు విడిగా జాబు రాశాను. షుగరు వున్న మనిషికి కాలిమీద బొబ్బ లేచి నొప్పి లేదంటే, అది సంతోషించవలసిన విషయం కాదు. నొప్పి తెలియజేసే నరాలు మొద్దుబారాయన్నమాట. ముల్లు గుచ్చుకున్నా తెలియదు, చెప్పు కరిచినా తెలియదు, వేడి నీళ్ళలో కాలు పెట్టినా తెలియదు. లోపల పుండు పెద్దదై చీముపట్టేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. వేళ్ళు, ఒక్కోసారి పాదమే తీసివేయవలసి వచ్చిన కేసులు చాలా భాగం ఇట్లా నొప్పిలేని చిన్న బొబ్బతో మొదలైనవే. బొబ్బను సూదితో చిదమవద్దు, పసుపూ సున్నమూ పెట్టవద్దు, ఉప్పు నీళ్ళ కాపడం అసలే వద్దు. శుభ్రమైన పొడి గుడ్డ కట్టి, ఆ కాలి మీద బరువు పడకుండా, ఆ రోజే డాక్టరుకు చూపించండి అని రాశాను. మీ ఇళ్ళలో షుగరు వున్న పెద్దవాళ్ళుంటే ఈ పేజీ పక్కనపెట్టి ముందు వాళ్ళ అరికాళ్ళు ఒకసారి చూసి రండి.

ఇక వెనీలా సంగతికి వద్దాం.

ముందుగా అత్తగారి ముక్కుకు నమస్కారం. ఆవిడ చెప్పింది సగానికి పైగా నిజం. వెనీలాకు ఆ వాసన ఇచ్చే ముఖ్యమైన పదార్థం పేరు వెనిలిన్. సుగంధిపాల వేరులోనూ, దానికి దగ్గరి చుట్టమైన మారెడు కొమ్ముల్లోనూ (కొందరు నన్నారి కొమ్ములంటారు, బర్రెసుగంధి అనేవాళ్ళూ వున్నారు) వాసననిచ్చే పదార్థం వెనిలిన్‌కు కవల లాంటిది. రెండింటిలోనూ వున్న పరమాణువులు ఒకే రకం, ఒకే లెక్క. వాటిని కూర్చిన చోటు మాత్రం వేరు. ఒకే గుడ్డతో కుట్టిన రెండు చొక్కాలకు జేబు ఒకదానికి కుడివైపు, ఒకదానికి ఎడమవైపు పెట్టినట్టు. రసాయన శాస్త్రజ్ఞులు పరికరాలు పెట్టి తేల్చిన చుట్టరికాన్ని పెద్దారవీడులో ఒక పెద్దావిడ సీసా మూత తీసి చెప్పేశారు!

అయితే చుట్టాలు వేరు, మనుషులు వేరు. సుగంధిపాల మన పొదల్లో, గట్ల మీద పాకే సన్నని తీగ, దానికి వాసన వేరులో వుంటుంది. వెనీలా ఆర్కిడ్ జాతికి చెందిన తీగ, దానికి వాసన కాయలో వుంటుంది. పుట్టిల్లు మెక్సికో. తీగను తీసుకుపోయి ఇతర దేశాల్లో నాటితే పూసేది గాని కాసేది కాదు. 1841లో, ఫ్రెంచివారి ఏలుబడిలో వున్న హిందూ మహాసముద్రపు దీవి ఒకదానిలో, ఎడ్మండ్ అల్బియస్ అనే పన్నెండేళ్ళ బానిస పిల్లవాడు ఒక సన్నని పుల్లతోనూ బొటనవేలితోనూ పువ్వులో పుప్పొడి అద్ది కాయ కాయించే ఉపాయం కనిపెట్టాడు. ఈనాటికీ తోటల్లో చేసేది అదే. పువ్వు విచ్చేది ఒక్క పూట, ఆ పూటలోనే ఒక్కొక్క పువ్వుకూ చేత్తో అద్దాలి. ఆ దీవినే ఇప్పుడు రీయూనియన్ అంటున్నారు, పూర్వం పేరు బూర్బన్. మన యానాం, కోరంగి రేవుల నుంచి 19వ శతాబ్దంలో తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్ళిన దీవుల్లో అదొకటి. వెనీలా సీసాల మీద "బూర్బన్ వెనీలా" అని కనిపించేది ఆ దీవి పేరే. ప్రపంచానికి కోట్లు సంపాదించి పెట్టిన ఆ పిల్లవాడు మాత్రం 1880లో బీదవాడుగానే చనిపోయాడు.

పచ్చి కాయకు వాసన వుండదు. దాన్ని వేడి నీళ్ళలో ముంచి, కంబళ్ళలో చుట్టి చెమటపట్టించి, రోజూ ఎండలో పెట్టి తీసి, తరవాత నెలల తరబడి పెట్టెల్లో మాగబెడతారు. ఐదారు కిలోల పచ్చికాయ ఒక కిలోకు దిగుతుంది. కుంకుమపువ్వు తరవాత అంత ఖరీదైన సుగంధద్రవ్యం ఇదేనంటే ఆశ్చర్యం లేదు. 2000 సంవత్సరం తరవాత కొన్నాళ్ళు ధర ఆకాశానికంటి కేరళ, కర్ణాటకల్లో రైతులు ఎగబడి వేశారు, తరవాత ధర పడిపోయి చాలామంది తీగలు పీకేశారు.

మరి పది ఇరవై రూపాయల ఐస్‌క్రీములో, బిస్కెట్లలో, వీధి చివరి బేకరీ కేకులో వచ్చే వెనీలా వాసన ఎక్కడిది? కాయ నుంచి వచ్చింది కాదు. 1874లో జర్మనీలో దేవదారు జాతి చెట్ల రసం నుంచి వెనిలిన్‌ను తయారుచేశారు. ఆ తరవాత లవంగ నూనె నుంచి, కాగితం మిల్లుల్లో మిగిలిన కర్ర ద్రావకం నుంచి చేశారు. ఇప్పుడు ఎక్కువ భాగం పెట్రోలియం సంబంధమైన పదార్థాల నుంచి చేస్తున్నారు. ప్రపంచంలో వాడే వెనిలిన్‌లో కాయ నుంచి వచ్చేది నూటికి ఒక పాలు కూడా లేదు.

ఇది చదివి భయపడకండి. "పెట్రోలు నుంచి తీసిందట, విషం" అని ప్రచారం చేసేవాళ్ళతో నేను ఏకీభవించను. వెనిలిన్ కాయలో పుట్టినా ఫ్యాక్టరీలో పుట్టినా శరీరానికి ఒక్కటే. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఆహార వ్యవసాయ సంస్థల ఉమ్మడి నిపుణుల సంఘం మనిషి బరువులో కిలోకు రోజుకు 10 మిల్లీగ్రాముల దాకా నిర్భయంగా తీసుకోవచ్చునన్నది. 50 కిలోల మనిషికి 500 మిల్లీగ్రాములన్నమాట. మంచి వెనీలా పొడిలో వెనిలిన్ నూటికి రెండు పాళ్ళ ప్రాంతంలో వుంటుంది. కేకులో వేసే అర టీచెంచా పొడి ఒక గ్రాము అనుకుంటే, అందులో వున్నది 20 మిల్లీగ్రాములు. కేకును పది ముక్కలు చేస్తే ముక్కకు రెండు. పొడి వల్ల హాని జరగాలంటే ఆ సోదరి కేకు 250 ముక్కలు తినాలి! నాలుగో తోడికోడలు కేకులో ఆ నాలుగో నెల గర్భిణి భయపడవలసింది కూడా ఏమీ లేదు. వంటలో వేసే చిటికెడు వల్ల కడుపులో బిడ్డకు ఏ హానీ లేదు. వెనీలా కాయల మధ్య రోజంతా పనిచేసే కూలీలకు చేతుల మీద దద్దుర్లూ, తలనొప్పీ రావటం పాత వైద్య గ్రంథాల్లో వుంది. ఎవరికైనా తిన్న తరవాత పెదవులు దురదపెడితే మానుకోవాలి, అంతే.

అయితే జాగ్రత్త పడవలసినవి వేరే వున్నాయి.

మొదటిది, ఎసెన్సు సీసా. అసలైన వెనీలా సారాన్ని ఆల్కహాలులో దింపుతారు. అమెరికా చట్టం ప్రకారం దానిలో నూటికి 35 పాళ్ళకు తక్కువ కాకుండా ఆల్కహాలు వుండాలి. బ్రాందీ, విస్కీల్లో వుండేదానికి అది కొంచెమే తక్కువ! కేకులో వేసి కాల్చితే చాలా భాగం ఆవిరైపోతుంది, వేసేది కూడా చెంచాయే. కాని సీసా మూత తీసి పిల్లవాడు తాగితే? ఒకసారి అర్ధరాత్రి ఒక తల్లి రెండేళ్ళ పిల్లవాణ్ణి భుజాన వేసుకుని వచ్చింది. దగ్గు మందు అనుకుని, కరెంటు లేని చీకట్లో, పక్కనే వున్న ఎసెన్సు సీసాలోంచి రెండు చెంచాలు పోసింది. పిల్లవాడు తూలుతున్నాడు, వాంతి చేసుకున్నాడు. మర్నాటికి కోలుకున్నాడు గాని, ఆ రాత్రి మేము భయపడింది వాడి రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోతుందేమోనని. చిన్నపిల్లల్లో ఆల్కహాలు చేసే పెద్ద అపాయం అదే. ఇట్లాంటిది జరిగితే గొంతులో వేలు పెట్టి కక్కించవద్దు. సీసా కూడా వెంట తీసుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. ఎసెన్సు సీసాలను మందుల అరలో ఎన్నడూ పెట్టకండి. ఈ విషయంలో పొడి ఎసెన్సు కంటే మంచిది, దానిలో ఆల్కహాలు లేదు.

రెండోది, "వెనీలా పొడి" అనే పేరుతో అమ్మేవి రెండు రకాలు. ముదురు గోధుమరంగులో, నలుపుకు దగ్గరగా, కొంచెం జిడ్డుగా వుండేది కాయను పొడి కొట్టినది. తెల్లగా, మెత్తగా, పంచదార పొడిలా వుండేది వేరు. దానిలో వున్నది పంచదారో, మొక్కజొన్న పిండో, మాల్టోడెక్స్‌ట్రిన్ అనే పిండి పదార్థమో, దానికి అంటించిన కాస్త వెనిలిన్. చక్కెర లేదని రాసి మాల్టోడెక్స్‌ట్రిన్ వేస్తే షుగరు రోగికి పెద్ద తేడా లేదు. అది కూడా రక్తంలో గబగబా చక్కెరగా మారుతుంది. పెద్దారవీడు సోదరి దగ్గర వున్నది నల్లటి పొడి కాబట్టి ఈ గొడవ లేదు. నల్లటి పొడిలోనూ మోసం లేకపోలేదు. సారం దింపేసిన పిప్పిని ఎండబెట్టి పొడి చేసి అమ్ముతారు, ఐస్‌క్రీముల్లో నల్లచుక్కల కోసం వేసేది చాలాసార్లు అదే. చుక్కలుంటాయి, వాసన వుండదు. హాని ఏమీ లేదు, డబ్బు దండగ. సీసా మూత తీయగానే గది నిండాలి. అట్లా నిండకపోతే అది పిప్పి.

మూడోది, కౌమరిన్. టాంకా అనే ఒక విదేశీ గింజలో అచ్చం వెనీలా లాంటి వాసన వుంటుంది. చవకగా దొరుకుతుందని కొన్ని దేశాల్లో వెనీలా సారంలో దాన్ని కలుపుతుండేవారు. దానిలో వుండే కౌమరిన్ ఎక్కువైతే కాలేయం దెబ్బతింటుంది. అమెరికాలో 1954లో నిషేధించారు, మన ఆహార చట్టం కూడా కౌమరిన్‌నూ టాంకా గింజనూ సువాసనకు వాడకూడదన్నది. పేరు, చిరునామా, లైసెన్సు నంబరు లేని సీసాను ఎంత చవకగా వచ్చినా కొనవద్దు. మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, షుగరుకు మంచిదని రోజూ చెంచాలకు చెంచాలు దాల్చినచెక్క పొడి మింగేవాళ్ళున్నారు. మన అంగళ్ళలో చవకగా దొరికే దళసరి చెక్కలోనూ ఈ కౌమరిన్ బాగానే వుంది. పులుసులోకి ఒక ముక్క వేసుకోండి, మందులా మింగకండి.

ఇక కేకు. నా అభిప్రాయంలో ఈ పొడివల్ల ఆరోగ్యానికి వచ్చే లాభం ఒక్కటే. వెనీలా వాసన తీపిని గుర్తుచేస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ వాసన తీపి వస్తువుల్లోనే తగిలింది కాబట్టి, ముక్కుకు అది తగలగానే నాలుక కూడా ఎక్కువ తీపి వున్నట్టు భ్రమిస్తుంది. ఈ భ్రమను మనం వాడుకోవచ్చు. మామూలుగా కేకులో పిండికి సమానంగా పంచదార వేస్తారు. మంచి వెనీలా పొడి వుంటే సగం వేసి చూడండి, తగ్గిందని ఎవరూ ఫిర్యాదు చేయరు. పాయసంలోకి ఏలకులు దండిగా వేసినప్పుడు బెల్లం తగ్గించినా తెలియకపోవటం మీకు అనుభవమే.

గోధుమపిండి 150 గ్రాములు, పంచదార 75 గ్రాములు, వెన్న 75 గ్రాములు, గుడ్లు రెండు, పాలు ఒక చిన్న గ్లాసు (100 మిల్లీలీటర్లు), బేకింగు పౌడరు చెంచాన్నర, వెనీలా పొడి అర టీచెంచా. పొడిని పిండిలో కలపకండి. పాలు గోరువెచ్చగా చేసి అందులో వేసి పావుగంట మూతపెట్టండి, వెచ్చదనానికీ పాలలోని కొవ్వుకూ వాసన బాగా దిగుతుంది. ఎసెన్సు ఒక చెంచా వేయమన్న చోట పొడి అర చెంచా చాలు. ఎక్కువైతే చేదు, మందు వాసన. వెన్నా పంచదారా నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి, గుడ్లు ఒకటొకటిగా కలిపి, జల్లించిన పిండీ బేకింగు పౌడరూ, పాలూ కొంచెం కొంచెంగా చేర్చండి. మనవాళ్ళు ఎసెన్సు వేసేది చాలాసార్లు గుడ్ల నీచు వాసన కోసమే, ఆ పని ఈ పొడి ఇంకా బాగా చేస్తుంది. ఓవెన్ లేకపోతే మందమైన పాత గిన్నె అడుగున ఇసుక పోసి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, కేకు గిన్నెను అందులో దించి, సన్నని సెగమీద 45 నిమిషాలు వుంచండి. పుల్ల గుచ్చితే తడి అంటకుండా రావాలి. చాలామంది ఇందుకు ప్రెషరు కుక్కరు వాడతారు. నీళ్ళు లేకుండా కుక్కరును కాల్చటం దానికి మంచిది కాదు. వాడక తప్పకపోతే రబ్బరు, బరువు రెండూ తీసేయాలి.

పది ముక్కలు చేస్తే ఒక్కొక్క దానిలో పంచదార ఏడున్నర గ్రాములు. పిండి వల్ల వచ్చేది కలిపితే 18 గ్రాముల పిండి పదార్థం, అంటే దాదాపు ఒక మామూలు పుల్కాతో సమానం. అత్తగారు పాప పుట్టినరోజున ఒక ముక్క తినవచ్చు. ఆ పూట ఒక పుల్కా తగ్గించుకోవాలి, మాత్ర మానకూడదు. షుగరు అదుపులో లేకపోయినా, కాలి పుండు మానకపోయినా ఆ ముక్క కూడా వాయిదా వేసుకోవటం మంచిది. వెనీలా పొడి పరిమితి దాటటానికి 250 ముక్కలు కావాలన్నాను గదా, పంచదార సంగతి చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్ళు పైనుంచి కలుపుకునే చక్కెర రోజుకు 25 గ్రాములకు మించకుండా వుంటే మంచిది. ఆరోగ్యంగా వున్న మనిషి కూడా ఈ కేకు నాలుగో ముక్కకే ఆ గీటు దాటేస్తాడు.

పాపకు మాత్రం ఆ కేకు పెట్టకండి. రెండేళ్ళు నిండేదాకా పిల్లలకు విడిగా పంచదార, బెల్లం కలిపినవి అక్కరలేదు. తీపి ఎట్లా వుంటుందో తెలియని నాలుక దాని కోసం ఏడవదు, అలవాటు చేసేది మనమే. మాగిన అరటిపండు మెత్తగా చిదిపి, పాలు కలిపి, చూపుడువేలి కొనకు అంటినంత వెనీలా పొడి వేసి ఇవ్వండి. ఫోటోకు కేకు ముందు కూర్చోబెట్టండి, నోటికి అరటిపండు అందించండి. ఏడాది పిల్లకు తేడా తెలియదు.

ఇప్పుడు అసలు గడ్డు ప్రశ్నకు రావాలి, అత్తగారి షర్బత్తు.

సుగంధిపాల మంచి వేరే. ఆయుర్వేదంలో శారిబా పేరుతో ఎంతో కాలంగా వాడుకలో వున్నది. వేసవిలో హాయినిస్తుందనే మాటను నేను కాదనను, మార్కాపురం ఎండలు నాకూ తెలుసు. కాని షర్బత్తులో వేరు ఎంత వుంటుంది, పంచదార ఎంత వుంటుంది? సిరపులో సగానికి పైగా పంచదారే. గ్లాసుకు మూడు పెద్ద చెంచాలు పోస్తే ఇంచుమించు 35 గ్రాముల పంచదార లోపలికి పోయినట్టు. రోజుకు రెండు గ్లాసులంటే 70 గ్రాములు, చెంచాకు ఐదు గ్రాముల లెక్కన 14 చెంచాలు! ఎవరైనా షుగరు రోగి ఎదురుగా కూర్చుని 14 చెంచాల పంచదార తింటుంటే మనం చెయ్యి పట్టుకుని ఆపమా? వనమూలిక పేరు వుండేసరికి చెయ్యి లేవటం లేదు. దానికి తోడు మధ్యాహ్నం మాత్ర మానేశారు. ఎలుకల మీద ప్రయోగాల్లో ఈ వేరు చక్కెరను తగ్గించిందని రాశారు, నిజమే. మనిషి వేసుకుంటున్న మాత్రకు బదులుగా దీన్ని వాడవచ్చుననే రుజువు మాత్రం లేదు. నెలల తరబడి చక్కెర పెరిగి వుంటే నరాలు మొద్దుబారతాయి, పుండు మానదు. ఆ బొబ్బకూ ఈ గ్లాసుకూ సంబంధం వుందని నేను అనుమానిస్తున్నది అందుకే.

ఆవిడ చేత షర్బత్తు మాన్పించటం కోడలికి సులభం కాదని నాకు తెలుసు. అత్తగారికి కోడలు పథ్యం చెబితే ఏమవుతుందో మన ఇళ్ళలో అందరికీ అనుభవమే. అందుకని మానమనవద్దు, మార్చండి. సుగంధిపాల వేర్లు బాగా కడిగి, ఆరబెట్టి, కచ్చాపచ్చాగా దంచి పెట్టుకోండి. మారెడు కొమ్ములైతే మధ్యనుండే కర్ర తీసేసి పై కండ మాత్రమే దంచాలి. రాత్రి ఒక టీచెంచా ముక్కలు కాచి చల్లార్చిన రెండు గ్లాసుల నీళ్ళలో వేసి మూతపెట్టండి. వేళ్ళను గంటల తరబడి ఉడికిస్తే వాసన ఆవిరిలో పోతుంది, వంటిల్లు ఘుమఘుమలాడుతుంది గాని గ్లాసులో ఏమీ మిగలదు. పొద్దున వడకట్టి, నిమ్మకాయ పిండి, కుండలో చల్లబరచి ఇవ్వండి. పంచదార వద్దు, బెల్లం వద్దు, తేనె కూడా వద్దు, మూడూ ఒక్కటే. ఆ వాసనకు నాలుక తీపిని తానే ఊహించుకుంటుంది, వెనీలా చేసే మాయే ఇక్కడా పనిచేస్తుంది. మూత్రపిండాల జబ్బు వున్నా, ఇతర మందులు వాడుతున్నా, ఇది తాగుతున్నట్టు డాక్టరుకు చెప్పి తాగాలి.

నీళ్ళ మాట కూడా చెప్పాలి. పశ్చిమ ప్రకాశంలో చాలా వూళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు, నీరు ఇంకినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. షర్బత్తుకైనా, పాప పాలలో కలపటానికైనా శుద్ధిచేసిన మంచినీళ్ళే వాడండి.

కొందరు అడగబోయే ప్రశ్న నాకు ముందే తెలుసు. వెనీలా అంత ఖరీదైనప్పుడు, మన అడవిలోని వేరునే పొడి చేసి కేకులో వేయకూడదా? వేయవచ్చు. సుగంధిపాల పొడిని సన్నగా జల్లించి, పైన చెప్పినట్టే పాలలో నానబెట్టి వాడండి. కొంచెం మట్టివాసన, చివర ఒక చిరుచేదు వుంటాయి, నాకైతే అదే ఇష్టం. మారెడు కొమ్ముల విషయంలో మాత్రం ఆలోచించండి. కాయ కోస్తే వెనీలా తీగ మళ్ళీ కాస్తుంది, గడ్డ తవ్వితే ఆ మొక్క అంతటితో సరి. శేషాచలంలోనూ నల్లమలలోనూ విచ్చలవిడిగా తవ్వటం వల్ల అది అంతరించే ప్రమాదమున్న మొక్కల జాబితాలోకి ఎక్కింది. అడవిని నమ్ముకుని బతికే చెంచువారికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. సిరపు వ్యాపారానికి మూటలు మూటలు కొనేవాళ్ళకే తెలియాలి.

వెనీలా పొడిని ఫ్రిజ్‌లో పెట్టకండి, చెమ్మ పట్టి గడ్డకడుతుంది. గాలి చొరని గాజు సీసాలో, చీకటి అరలో, పొడి చెంచాతో తీస్తూ వుంటే ఏడాదికి పైగా వుంటుంది. ఎప్పుడైనా పొడి కాక పూర్తి కాయలే వస్తే, వాటి మీద సూదుల్లా మెరిసే తెల్లని పలుకులు కనిపించవచ్చు. అది బూజు కాదు, వెనిలినే బయటికి వచ్చి గడ్డకట్టింది. దూదిలా, మెత్తగా, ముక్కిపోయిన వాసనతో వుంటే బూజు, పారేయండి.

పెద్దారవీడు సోదరికి ఒక మాట. అత్తగారికి పరగడుపున ఒకసారి, భోజనం చేసిన రెండు గంటలకు ఒకసారి రక్త పరీక్ష చేయించండి. మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కూడా మార్కాపురంలోనే చేస్తారు. ఆ మూడు అంకెలూ, కాలు చూసిన డాక్టరు ఏమన్నారో కూడా నాకు రాయండి. మానేసిన మాత్ర పేరు అట్ట మీద చూసి రాయండి. మీ ఉత్తరంలో "తెల్లది, గుండ్రనిది" అని రాశారు, ఈ దేశంలో సగం మాత్రలు తెల్లగా గుండ్రంగానే వుంటాయి.